బలి ఎవరి పేరున, బరువు ఎవరి నెత్తిన?

జాతరల కాలం రాగానే ఏటా రెండు వాదనలు ఎదురెదురుగా నిలబడతాయి. జంతుబలి అనాగరికం, వెంటనే ఆపేయాలన్నది ఒకటి. ఇది మా ఊరి ఆచారం, మూలవాసుల సంస్కృతి, మీరెవరు చెప్పడానికి అన్నది రెండోది. మొదటి వాదన దున్నపోతు గురించి మాట్లాడుతుంది. రెండోది అమ్మవారి గురించి మాట్లాడుతుంది. తెల్లవార్లూ డప్పు కొట్టిన మనిషి గురించి, కత్తి పట్టిన మనిషి గురించి, నెత్తురు కలిపిన అన్నం గంపను నెత్తిన పెట్టుకొని చీకట్లో పొలిమేర తిరిగిన మనిషి గురించి ఈ రెండూ మాట్లాడవు. ఆ మనిషి మాలవాడ నుంచో మాదిగవాడ నుంచో వచ్చినవాడు కావడం యాదృచ్ఛికం కాదు.

దేవుళ్ళకు కోపం వస్తుందని, ఆ కోపం కరువుగా, కలరాగా, మశూచిగా ఊరి మీద పడుతుందని, ఏదో ఒకటి ఇచ్చి శాంతింపజేయాలని నమ్మిన సమాజాలు ప్రపంచమంతటా ఉన్నాయి. గ్రీకులు ఎడ్లను కోశారు. యూదులు జెరూసలేం గుడిలో గొర్రెలను, పావురాలను అర్పించారు. వైదికులు గుర్రాన్ని, మేకను చంపారు. మెక్సికోలో అజ్టెక్‌లు మనుషులనే చంపారు. కాబట్టి బలి ఉందా లేదా అన్న చర్చతో మనకు తెలిసేది తక్కువ. మూడు చిన్న ప్రశ్నలు వేసుకుంటే ఎక్కువ తెలుస్తుంది. బలి ఎవరి మేలు కోసం? ఎవరి చేతుల మీదుగా? చివరికి ఎవరి వాటాకు ఏమి వచ్చింది?

యజమాని అనే మాట ఎక్కడిది

బలి గురించి ఆధునిక కాలంలో వచ్చిన తొలి ముఖ్యమైన సిద్ధాంత వ్యాసాల్లో ఒకటి 19వ శతాబ్దం చివర ఫ్రెంచి పండితులు ఆన్రీ యూబేర్, మార్సెల్ మోస్ కలిసి రాసినది. వాళ్ళు ప్రధానంగా వైదిక, యూదు గ్రంథాలను ఆధారం చేసుకున్నారు. బలిలో ఇద్దరిని విడదీసి చూడాలని చెప్పారు. ఖర్చు పెట్టి ఫలం పొందేవాడు ఒకడు, క్రతువు జరిపించేవాడు మరొకడు. వైదిక భాషలో మొదటివాడు యజమానుడు, రెండోవాడు ఋత్విజుడు.

ఈ యజమానుడే తెలుగులో యజమాని అయ్యాడు. ఇంటికి, పొలానికి, ఫ్యాక్టరీకి సొంతదారుడిని మనం యజమాని అంటున్నాం. యజ్ఞం చేయించేవాడి పేరు ఆస్తి ఉన్నవాడి పేరుగా మారిపోయింది. ఉత్తర భారతంలో ఇదే మాట జజ్మాన్ అయింది. భూమి ఉన్న కులాలకు సేవక కులాలు తరతరాలుగా కట్టుబడి పనిచేసే పద్ధతికి జజ్మానీ అనే పేరును 1936లో విలియం వైజర్ తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చాడు. మన పల్లెల్లో దీనికి దగ్గరిది ఆయగాళ్ల పద్ధతి. ఏడాది పొడవునా చాకిరీ చేసి, పంట నూర్చినప్పుడు కల్లం దగ్గర గింజల కోసం నిలబడటం. అంటే యజ్ఞంలోని సంబంధమే పొలంలోని సంబంధానికి పేరు పెట్టింది. దేవుడికి ఇచ్చే పద్ధతీ, పనివాడికి పెట్టే పద్ధతీ ఒకే నమూనాలో నడిచాయి.

అయితే యూబేర్, మోస్ చెప్పిన ఇద్దరితో బలి పూర్తికాదు. జంతువును నిజంగా చంపేవాడు మూడోవాడు. వైదిక పశుయాగంలో అతని పేరు శమిత. పశువును వేదికకు దూరంగా తీసుకెళ్ళి, అరుపు రాకుండా ఊపిరి ఆపి చంపుతారు. ఆ సమయంలో ఋత్విజులు ముఖం పక్కకు తిప్పుకోవాలి. చంపడాన్ని చంపడం అనరు, శాంతింపజేయడం అంటారు. శమిత అనే మాటా, మనం రోజూ వాడే శాంతి అనే మాటా ఒకే ధాతువు నుంచి పుట్టాయి. ఫలం యజమానుడిది, పవిత్రత ఋత్విజుడిది, నెత్తురంటిన చెయ్యి మరొకరిది. పని జరగాలి, కానీ పని చేసినవాడి వైపు చూడకూడదు. ఈ ఏర్పాటును గుర్తుపెట్టుకుంటే మన ఊరి కొలుపు బాగా అర్థమవుతుంది.

పంపకంలో కనపడే సమాజం

బలి ఇచ్చిన జంతువును చాలా సమాజాల్లో తింటారు. ఎవరు ఏ ముక్క తింటారన్న దాంట్లోనే ఆ సమాజపు నిచ్చెన కనపడుతుంది.

గ్రీకు కవి హెసియడ్ చెప్పిన కథలో ప్రొమీథియస్ ఎద్దును రెండు వాటాలు వేస్తాడు. ఎముకలను కొవ్వుతో అందంగా కప్పి ఒకవైపు, మాంసాన్ని పొట్ట తోలులో దాచి మరోవైపు పెడతాడు. జ్యూస్ కొవ్వు కప్పిన ఎముకలను ఎంచుకుంటాడు. అప్పటి నుంచి దేవుళ్ళకు ఎముకలు, పొగ, మనుషులకు మాంసం. కానీ ఆ మనుషులు ఎవరు? ఏథెన్స్ వంటి నగరాల్లో ప్రభుత్వ బలుల మాంసం పౌరులకు పంచేవారు. వాటా అందడం పౌరుడిననడానికి గుర్తు. బానిసకు ఆ వాటా హక్కుగా దక్కేది కాదు.

ఐతరేయ బ్రాహ్మణంలో బలి పశువును 36 భాగాలు చేసి ఏ అవయవం ఏ ఋత్విజుడికి వెళ్ళాలో వివరంగా చెప్పారు. మాంసం తినడం పాపమన్న భావన ఆ జాబితాలో ఎక్కడా కనపడదు. ఎవరికి ఏది అన్నదే అక్కడి పట్టింపు.

ముస్లింలు బక్రీద్ నాడు ఇచ్చే ఖుర్బానీలో మాంసాన్ని మూడు వాటాలు చేయడం వాడుక. ఇంటికి ఒకటి, బంధుమిత్రులకు ఒకటి, పేదలకు ఒకటి. దేవుడికి చేరేది మాంసమూ నెత్తురూ కావు, మనిషి భక్తి అన్న భావం ఖురాన్‌లో ఉంది. ఆచరణలో ఎక్కడెక్కడ లోపాలున్నా, పేదవాడికి వాటా ఇవ్వడం అక్కడ నియమంలోనే భాగం.

మన గ్రామదేవత కొలుపులో పంపకం మరోలా ఉంటుంది. మేకలు, గొర్రెలు, కోళ్ళు ఎవరివి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి వండుకుంటారు. తల, కాళ్ళు చాలాచోట్ల పూజారిగా ఉన్న కుమ్మరికో చాకలికో వెళ్తాయి. ఊరంతటి తరఫున ఇచ్చే దున్నపోతు మాత్రం మాదిగ, మాల వాడలకు వెళ్తుంది. ఊరి మేలు కోసం చంపిన జంతువును ఊరు తినదు. పైగా దాన్ని తిన్నవాళ్ళను, తిన్నందుకే, తక్కువ చేసి చూస్తుంది.

బలయ్యేది ఎవరు

జంతువుల విషయంలో పంపకం నిచ్చెనను చూపిస్తే, మనుషుల విషయంలో ఎంపిక చూపిస్తుంది.

యూదుల లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకల క్రతువు ఉంది. ఒకదాన్ని దేవుడికి బలి ఇస్తారు. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు చేతులు పెట్టి ప్రజలందరి పాపాలను ఒప్పుకుంటాడు. ఆ పాపాలు మోసుకొని మేక ఎడారిలోకి వెళ్ళిపోతుంది. ప్రాచీన ఏథెన్స్‌లో థార్గేలియా పండుగనాడు ఇద్దరు మనుషులను ఊరేగించి, కొట్టి, ఊరి బయటికి తరిమేవారు. వాళ్ళను ఫార్మకోస్ అనేవారు. దరిద్రులను, కురూపులని ముద్రపడినవాళ్ళను, దిక్కులేనివాళ్ళను ఎంచుకునేవారు. నగరపు మలినమంతా వాళ్ళతో బయటికి పోతుందని నమ్మకం. ఏ మనిషిని పంపేస్తే అడిగేవాడు ఉండడో ఆ మనిషే మలినాన్ని మోయడానికి తగినవాడయ్యాడు.

దీన్ని కొలిచి చూసిన పరిశోధన కూడా ఉంది. జోసెఫ్ వాట్స్, ఆయన సహ పరిశోధకులు 2016లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. తైవాన్ నుంచి మడగాస్కర్, ఈస్టర్ ద్వీపం దాకా విస్తరించిన ఆస్ట్రోనేషియన్ భాషా కుటుంబపు 93 సంప్రదాయ సమాజాలను పరిశీలించారు. వాటిలో 40 సమాజాల్లో నరబలికి ఆధారాలు దొరికాయి. పెద్దగా అంతస్తుల తేడా లేని 20 సమాజాల్లో 5 చోట్ల, ఒక మోస్తరు తేడా ఉన్న 46లో 17 చోట్ల, తీవ్రమైన తేడా ఉన్న 27లో 18 చోట్ల నరబలి ఉంది. అంటే అసమానత పెరిగినకొద్దీ బలి పెరిగింది. అంతకంటే ముఖ్యమైన విషయం, చంపించేవాళ్ళు సాధారణంగా పెద్దలు, పూజారులు. చచ్చేవాళ్ళు బానిసలు, కింది అంతస్తువాళ్ళు. పుట్టుకతో వచ్చే అంతస్తులు కూలిపోకుండా నిలబడటానికి నరబలి సాయపడిందని ఆ పరిశోధకులు తేల్చారు.

ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్టు భారతదేశానికి అంటించలేం. ఆ 93 సమాజాల్లో కులం లేదు. కానీ అది నేర్పే చూపు మనకు పనికొస్తుంది. క్రతువును నమ్మకంగా మాత్రమే కాక అధికారం నడిచే పద్ధతిగా కూడా చూడాలి. దేవుడు అడిగాడని చెబితే పెద్దమనిషి అడిగినట్టు ఉండదు. పెద్దమనిషిని ఎదిరించవచ్చు. దేవుడిని ఎదిరిస్తే ఊరంతా మీద పడుతుంది.

పోలేరమ్మ కొలుపులో పని విభజన

20వ శతాబ్దం మొదట్లో తెలుగు ప్రాంతపు కొలుపుల గురించి వివరంగా రాసినవాళ్ళలో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, బాప్టిస్టు మిషనరీ విల్బర్ ఎల్మోర్, బ్రిటిష్ అధికారి ఎడ్గార్ థర్స్టన్ ఉన్నారు. ముగ్గురికీ వాళ్ళ వాళ్ళ పక్షపాతాలు ఉన్నాయి. మిషనరీకి ఇది అంధకారం, అధికారికి ఇది జాబితా. అయినా ఎవరు ఏ పని చేశారన్నది వాళ్ళు నమోదు చేశారు కాబట్టి ఆ రాతలు మనకు అవసరం.

వాళ్ళ వర్ణనల్లోనూ, నేటి పల్లెల జ్ఞాపకాల్లోనూ కనపడే పద్ధతి స్థూలంగా ఇది. ఊరి పెద్దలు కూర్చొని ముహూర్తం, చందాలు నిర్ణయిస్తారు. డప్పుతో చాటింపు వేయడం మాదిగల పని. అమ్మవారి ప్రతిమ, కుండలు కుమ్మరి తెస్తాడు. అమ్మవారి కథ పాడేది ఆసాదులు, పంబాలవాళ్ళు, తెలంగాణలో బైండ్లవాళ్ళు. దేవరపోతును నరికేది మాదిగ. నరికిన తలను అమ్మవారి ముందు పెట్టి, ముందరి కాలును నోట్లో దూర్చి, కొవ్వును కళ్ళకు పూసి, తల మీద దీపం వెలిగిస్తారు. నెత్తురు కలిపిన అన్నాన్ని గంపకెత్తుకొని ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లడం మాలలదో మాదిగలదో బాధ్యత. రోగం ఆ గీత దాటి లోపలికి రాకూడదు.

ఇందులో ప్రమాదం ఉన్న పనులు ఏవో చూడండి. దేవత ఆకలిగా తిరుగుతుందని నమ్మే రాత్రి, చచ్చినవాటి నెత్తురు మోస్తూ, రోగం ఉన్న వైపుకు నడిచి వెళ్ళడం. పక్క ఊరి నుంచి దాడి జరుగుతుందన్న భయం వేరే. ఊరి తరఫున దేవత ఎదుట నిలబడేది ఊరి బయట ఉంచిన మనుషులు. ఊరిని కాపాడే గీత గీసిన మనిషికే ఆ గీత లోపల ఇల్లు లేదు.

ఈ పనులు ఎంతగా కులాలకు అతుక్కుపోయాయో తెలియాలంటే ప్రభుత్వ షెడ్యూల్డు కులాల జాబితా చదివితే చాలు. బిండ్ల, కొలుపులవాండ్లు, పంబాల, మాతంగి, సింధోళ్ళు. వీటిలో చాలా పేర్లు అమ్మవారి కొలుపులో, కథలో పని ఉన్నవే. కొలుపులవాండ్లు అంటేనే కొలుపు చేసేవాళ్ళు. పండుగలో పని, రాజ్యాంగం గుర్తించిన అంటరానితనం ఒకే పేరులో కలిసి ఉన్నాయి.

దున్నపోతు వెనక కథ

దున్నపోతునే ఎందుకు నరకాలి, కాలు నోట్లో ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్నకు వైట్‌హెడ్, ఎల్మోర్ ఇద్దరూ ఒక కథ నమోదు చేశారు. కొద్ది తేడాలతో దక్షిణాదిలో చాలాచోట్ల చెప్పుకునే కథ ఇది. అంటరాని కులపు యువకుడు ఒకడు తాను బ్రాహ్మణుడినని చెప్పి చదువు నేర్చుకుంటాడు. బ్రాహ్మణ యువతిని పెళ్ళి చేసుకుంటాడు. పిల్లలు పుడతారు. ఒకనాడు అతని తల్లి చూడటానికి రావడంతో నిజం బయటపడుతుంది. ఆ యువతి కోపంతో దహించుకుపోయి దేవత అవుతుంది. భర్త తర్వాతి జన్మలో దున్నపోతు అవుతాడు. ఏటా అతన్ని నరికి, అతని కాలు అతని నోట్లోనే పెట్టి అవమానించాలి.

ఇది చరిత్రలో జరిగిన సంఘటన అని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పనవసరమూ లేదు. కథకు పని వేరు. చదువుకున్న దళితుడు, కులం దాటిన పెళ్ళి, ఈ రెండూ అమ్మవారి కోపానికి కారణాలని ఈ కథ ఊరందరి ముందు ప్రకటిస్తుంది. ఊరికి వచ్చిన రోగానికి మూలం ఈ నేరమే అంటుంది. శిక్షను ఏటా మళ్ళీ మళ్ళీ చేసి చూపిస్తుంది. నరకవలసిన కత్తిని ఆ యువకుడి కులం చేతికే ఇస్తుంది. కులం దాటి పెళ్ళి చేసుకున్న దళిత యువకులను పరువు పేరుతో చంపుతున్న కాలంలో మనం ఉన్నాం. ఆ హత్యలకు ఈ కథే కారణం అనడం తొందరపాటు అవుతుంది. కానీ ఆ హత్య న్యాయమే అనిపించే మనసు ఇలాంటి వెయ్యి కథలతోనే తయారవుతుంది.

మాతంగి ఉమ్మి, జోగిని బతుకు

కొలుపు అంతా లొంగుబాటే అనుకుంటే సగమే చూసినట్టు. కంచ ఐలయ్య 1996లో వచ్చిన తన పుస్తకం ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’లో పోచమ్మ గురించి చెప్పిన మాట ముఖ్యమైనది. పోచమ్మ దగ్గరికి మధ్యలో బ్రాహ్మణ పూజారి అక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు, మనిషి తన భాషలో తన కష్టం చెప్పుకోవచ్చు. ఈ దేవతలు పనిచేసుకొని బతికే జనం తయారుచేసుకున్న దేవతలు. దళిత బహుజన స్త్రీలకు బోనం ఎత్తే చోటు గుడి మెట్ల కంటే దగ్గరగా ఉంది.

మాతంగి సంగతి ఇంకా బలమైనది. దేవత పూనిన మాదిగ స్త్రీ పండుగ రోజున ఊరంతా తిరుగుతూ, అగ్రకులాలవాళ్ళ మీద కల్లు ఉమ్ముతూ, వాళ్ళను తిడుతూ పాడేదని థర్స్టన్ నమోదు చేశాడు. ఆ ఉమ్మి పడితే మలినం పోతుందని వాళ్ళూ నిలబడి పడనిచ్చేవారు. ఏడాదంతా ఎవరి నీడ తగిలితే స్నానం చేస్తారో ఆమె ఉమ్మిని ఆ ఒక్కరోజు దీవెనగా తీసుకునేవారు.

దీన్ని తిరుగుబాటు అనాలా? ఆ తిట్లలో నిజమైన కసి ఉంది, దాన్ని కాదనలేం. కానీ తెల్లవారితే భూమి ఎవరిది అన్నది మారలేదు. ఒకరోజు తలకిందులు చేసి మిగతా 364 రోజులు అలాగే ఉంచే ఏర్పాటు చాలా సమాజాల్లో ఉంది. పైగా మాతంగిగా, జోగినిగా, బసివిగా దేవతకు ఇచ్చేసిన ఆడపిల్ల బతుకు పండుగ రోజుతో ముగియదు. పెళ్ళి లేకుండా, ఊరి పెద్దల లైంగిక దోపిడీకి అందుబాటులో ఉంచిన జోగినీలలో అత్యధికులు దళిత స్త్రీలు. దేవత కోపం తగ్గించడానికి జంతువును ఒకసారి చంపుతారు. ఈ ఆడపిల్లను బతికున్నంత కాలం ఇస్తూనే ఉంటారు. నిజామాబాద్ జిల్లాలో జోగినీల కోసం హేమలతా లవణం చేసిన కృషి, ఆ స్త్రీలు స్వయంగా చేసిన పోరాటం ఉండబట్టే ఈ విషయం ప్రభుత్వం దాకా వెళ్ళింది. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల నిషేధ చట్టం వచ్చింది.

బుద్ధుడు చూసిన కన్నీళ్ళు

బలి మీద ఈ దేశంలో వచ్చిన పాత విమర్శ మనకు ఇంకో దారి చూపిస్తుంది. బౌద్ధ దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో కూటదంతుడు అనే బ్రాహ్మణుడు పెద్ద యజ్ఞం తలపెడతాడు. ఎద్దులు 700, కోడెలు 700, పెయ్యలు 700, మేకలు 700, పొట్టేళ్ళు 700 కట్టి ఉంచుతాడు. యజ్ఞం ఎలా చేయాలని బుద్ధుడినే అడుగుతాడు. బుద్ధుడు మహావిజితుడనే పాత రాజు కథ చెబుతాడు. రాజ్యంలో దొంగతనాలు పెరిగితే శిక్షలతో ఆగవని, సాగు చేసేవాడికి విత్తనం, పశుగ్రాసం, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వాలని ఆ రాజుకు పురోహితుడు సలహా ఇస్తాడు. తర్వాత ఆ రాజు చేసిన యజ్ఞంలో జంతువు చావదు, చెట్టు కూలదు. దాసులు, పనివాళ్ళు దెబ్బల భయంతో ఏడుస్తూ పనిచేయరు. ఇష్టమున్నవాళ్ళు చేస్తారు, లేనివాళ్ళు మానేస్తారు.

సంయుత్తనికాయంలో కోసల రాజు పసేనది యజ్ఞం గురించి ఉన్న చిన్న సుత్తంలో కూడా ఇదే గమనింపు. ఒకపక్క కట్టేసిన పశువులు, మరోపక్క బెత్తం భయంతో కన్నీళ్ళు కారుస్తూ ఏర్పాట్లు చేస్తున్న దాసులు. బలిపశువునూ పనివాడినీ ఒకే వాక్యంలో చూడటం ఈ విమర్శలోని గొప్పదనం. నేటి జంతుప్రేమికుల వాదనలో లేనిది సరిగ్గా ఇదే.

తర్వాత అశోకుడు తన మొదటి పెద్ద శిలాశాసనంలో జీవులను బలి ఇవ్వవద్దని ఆదేశించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ శాసన పాఠం ఇప్పటికీ రాతి మీద ఉంది.

అంబేడ్కర్ 1948లో ప్రచురించిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో ఈ గొలుసును ముందుకు తీసుకెళ్ళారు. యజ్ఞాల్లో గోవులను చంపి తిన్న బ్రాహ్మణులు బౌద్ధం మీద పైచేయి సాధించడానికి మాంసం మానేసి, ఆవును పవిత్రం చేశారని, ఊరి బయట ఉన్న చితికిపోయిన జనం చచ్చిన ఆవు మాంసం తింటూ ఉండిపోవడంతో అంటరానివాళ్ళయ్యారని ఆయన వాదన. ఈ సిద్ధాంతంలోని అంశాల మీద చరిత్రకారుల మధ్య చర్చ ఉంది. కానీ ఒక విషయంలో ఆయన చూపు తిరుగులేనిది. పవిత్రత నియమాలు మారినప్పుడల్లా మార్చినవాళ్ళు పైకి వెళ్ళారు, పాత పని చేస్తూ ఉండిపోయినవాళ్ళు కిందికి నెట్టబడ్డారు.

నిషేధం ఎవరిని పట్టుకుంటుంది

1950లో మద్రాసు రాష్ట్రం జంతువుల, పక్షుల బలిని నిషేధిస్తూ చట్టం చేసింది. తెలుగు నేల మీద ఆ చట్టం పుస్తకాల్లో కొనసాగింది. తమిళనాడులో 2003లో జయలలిత ప్రభుత్వం దాన్ని గట్టిగా అమలు చేయబోయింది. గ్రామదేవతల గుళ్ళన్నీ కిందికులాలవి కాబట్టి దెబ్బ వాళ్ళకే తగిలింది. నిరసనలు రావడంతో 2004లో చట్టాన్నే రద్దు చేశారు. మరోవైపు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 28వ సెక్షన్, మతాచారం ప్రకారం జంతువును చంపడం ఆ చట్టం కింద నేరం కాదంటుంది. అంటే చట్టం జంతువు గురించి రెండు గొంతుకలతో మాట్లాడుతోంది. పోలీసు లాఠీ పోచమ్మ గుడి దగ్గరికి వచ్చినంత సులభంగా ఇంకో చోటికి వెళ్ళదు.

మనిషి గురించి మాత్రం చట్టం స్పష్టంగానే ఉంది. కార్యకర్తలు, విద్యార్థులు వీటిని తెలుసుకొని ఉండాలి. 1955 పౌరహక్కుల రక్షణ చట్టానికి 1976లో చేర్చిన 7ఏ సెక్షన్ ప్రకారం, అంటరానితనం కారణంగా ఎవరినైనా చచ్చిన పశువును ఎత్తమని, తోలు తీయమని, ఊడ్వమని బలవంతం చేయడం నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చాయి. దళితులతో, ఆదివాసులతో కళేబరాలు మోయించడం, గోతులు తవ్వించడం, దళిత, ఆదివాసీ స్త్రీలను దేవదాసీలుగా దేవుడికి అంకితం చేయడం అత్యాచారాలుగా ఆ చట్టంలో చేరాయి. జాతర కమిటీ తీర్మానం చేసినా, తాతల నాటి ఆచారమని చెప్పినా ఆ నేరం మాఫీ కాదు.

కాదనే హక్కు

1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం, ఎంగిలి కూడు మానుకోమని పిలుపునిచ్చారు. మహార్లు మానేసినచోట్ల సవర్ణులు సంతోషించలేదు. కళేబరాలు ఎవరు ఎత్తుతారని కోపగించుకున్నారు, బహిష్కరించారు. తోలు, కొమ్ముల ఆదాయం పోతుంది కదా అని కొందరు జాలి ఒలకబోస్తే, అంత లాభమైతే ఆ పని మీరే చేసుకోండని అంబేడ్కర్ జవాబు చెప్పారు. నేపాల్ తరాయిలో సప్తరీ, సిరహా జిల్లాల చమార్లు కూడా కళేబరాలు ఎత్తం అన్నప్పుడు ఆర్థిక దిగ్బంధాన్ని ఎదుర్కొన్నారు. ఆచారం స్వచ్ఛందమో కాదో తెలుసుకునే పరీక్ష ఇదే. మానేస్తానన్నప్పుడు ఏం జరుగుతుంది?

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు గొప్ప జవాబు డప్పు దగ్గర ఉంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఆ ఉద్యమం తన పేరుగా పెట్టుకున్నది దండోరా. పెద్దల మాటను ఊరికి చాటడానికి కట్టుబడి కొట్టిన వాద్యం, తన మాటను తానే చాటుకోవడానికి మోగింది. డప్పును వాళ్ళు పారేయలేదు. ఎవరి కోసం కొట్టాలో తామే నిర్ణయించుకున్నారు.

కొలుపుల విషయంలోనూ మనం పెట్టాల్సిన షరతు అలాంటిదే. అమ్మవారిని కొలవాలా, దున్నపోతును నరకాలా అన్నది ఆ వాడ మనుషులు మాట్లాడుకొని తేల్చుకోవాల్సిన సంగతి. మాంసం తినడం గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొక్కు తీర్చుకోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ ఈసారి మీ ఊళ్ళో జాతర కమిటీ కూర్చున్నప్పుడు కొన్ని సంగతులు అడగండి. కమిటీలో మాల, మాదిగ వాడల నుంచి సభ్యులున్నారా, చాటింపు వేసేటప్పుడు మాత్రమే గుర్తొస్తారా? డప్పుకు కూలి ముందే మాట్లాడారా, ఇచ్చినంత తీసుకోవాలా? పొలి మోసే గంప ఈసారి వేరే కులంవాడి నెత్తిన పెట్టడానికి ఒప్పుకుంటారా? అమ్మవారి గద్దె దాకా అందరూ వెళ్ళొచ్చా? ఈ ఏడు మేము కొట్టం, కోయం, మోయం అంటే మరుసటి రోజు కూలికి పిలుస్తారా?

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే తెలుస్తుంది, అక్కడ శాంతింపజేస్తున్నది అమ్మవారినో, ఊరి యజమానినో.